ఇంట్లో వాగుడుకాయ, బడిలో మౌనం

మా అక్క కూతురు ఇంట్లో వాగుడుకాయ. బడి గేటు దాటితే ఒక్క మాట రాదు. యూకేజీలో ఓసారి బాత్రూమ్‌కి వెళ్తానని అడగలేక బట్టలు తడుపుకుంది. అప్పుడూ మేం పొగరు అనే అనుకున్నాం, చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. అమెరికా సైకియాట్రీ మాన్యువల్‌లో 1994 దాకా దీని పేరు 'ఎలెక్టివ్', అంటే పిల్లలే కావాలని మాట్లాడట్లేదన్నట్టు! కాదండీ, భయంతో గొంతు పెగలదు.

థెరపిస్ట్ చెప్పినట్టు, సాయంత్రం ఖాళీ క్లాసులో అక్కా పాపా అష్టాచెమ్మా ఆడేవాళ్లు. టీచర్ మొదట వరండాలో, తర్వాత గుమ్మంలో, ఆ తర్వాత పక్కన. పాప గొంతు ఆగితే టీచర్ ఒక అడుగు వెనక్కి. "ఏదీ, ఆంటీకి హాయ్ చెప్పు" అని బలవంతపెట్టడం బంద్.

ఆరో వారం గవ్వలు పడగానే పాప గుసగుసగా "అష్టా" అంది. టీచర్ చప్పట్లు కొట్టలేదు. "మళ్లీ నువ్వే వెయ్యి" అని గవ్వలు అందించింది.