పైనుంచి చూసిన రాత్రి ఆకాశం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఇన్నేళ్లుగా బడిలో సైన్సు చెబుతున్నాం కాబట్టి మాటలకు లోటు లేదు. అయితే బాగా చెప్పిన పాఠాల గురించి చెప్పుకోవడం ఎలాగూ ఉండేదే. ఈరోజు మేము తప్పు చెప్పిన ఒక పాఠం గురించి చెబుతాం.

2024 జూన్‌లో, వేసవి సెలవులయ్యాక, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వాళ్ల నాన్న ఫోను తెచ్చి ఒక ఫొటో చూపించాడు. (బడికి ఫోను తేకూడదు. అది వేరే సంగతి.) నల్లటి కొండలు, వాటి వెనక ఉత్తరం వైపు ఆకాశం అంచంతా ఎర్రగా ఉంది. "సార్, ఇది లడాఖ్ అంట. అరోరా అంట" అన్నాడు. మేము ఒక్క చూపు చూసి, "అరోరా ధ్రువాల దగ్గర కనబడుతుందిరా, మన దేశంలో కనబడదు. ఎవరో కంప్యూటర్లో రంగు పూసుంటారు" అన్నాం. తరగతంతా నవ్వింది. వాడు ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

ఫొటో నిజమైనదే. ఆ ఏడాది మే 10, 11 తేదీల్లో సూర్యుడి మీది ఒక పెద్ద మచ్చల గుంపు నుంచి వరసగా వచ్చిన విస్ఫోటనాలు భూమిని తాకాయి. 2003 తర్వాత అంత బలమైన అయస్కాంత తుఫాను అదే. లడాఖ్‌లోని హాన్లేలో, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న మన ఖగోళ పరిశోధనశాల కెమెరాలకు ఆ రాత్రి ఎర్రటి వెలుగు చిక్కింది. పాత రికార్డులు తిరగేస్తే, 1872 ఫిబ్రవరి 4న వచ్చిన తుఫానుకు బొంబాయిలో కూడా అరోరా కనబడినట్టు ఉంది. మాకు బి.ఇడి.లో నల్లబల్ల ఎలా వాడాలో నేర్పారు. "నాకు తెలియదు, చూసి చెబుతా" అనడం మాత్రం నేర్పలేదు.

రెండు రోజుల తర్వాత అదే తరగతిలో నిలబడి, తప్పు మాదేనని చెప్పాం. అక్కడితో అయిపోతుందనుకున్నాం. కానీ వాడు లేచి, "మరి ఎర్రగానే ఎందుకుంది సార్? ఫొటోల్లో అరోరా పచ్చగా ఉంటుంది కదా" అన్నాడు. దానికి జవాబు వెతుకుతూ ఏడాదిన్నరగా చదువుతున్నాం. చదివినదాంట్లో కొంత మీకు చెప్పాలనిపించింది.

పచ్చ రంగైనా, ఎరుపు రంగైనా ఎక్కువ భాగం ఇచ్చేది మనం పీల్చే ఆక్సిజనే. సూర్యుడి నుంచి వచ్చే గాలి ప్రేరేపిస్తే, అంతరిక్షంలోని ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంట జారి పై వాతావరణంలోని ఆక్సిజన్ పరమాణువులను గుద్దుతాయి. దెబ్బ తిన్న పరమాణువు ఆ శక్తిని వెలుగుగా వదిలేస్తుంది. పచ్చ వెలుగు వదలడానికి దానికి సెకను కూడా పట్టదు. ఎరుపు వదలడానికి దాదాపు రెండు నిమిషాలు కావాలి. గాలి చిక్కగా ఉన్న చోట ఆ రెండు నిమిషాల్లోపే పక్కనున్న ఇంకో అణువు వచ్చి తగిలి ఆ శక్తిని ఎగరేసుకుపోతుంది. కాబట్టి ఎరుపు 200 కిలోమీటర్లకు పైన, గాలి బాగా పలచబడ్డ చోటే బతుకుతుంది. పచ్చ 100 కిలోమీటర్ల దగ్గర కూడా వెలుగుతుంది. భూమి గుండ్రం కాబట్టి, ఎక్కడో ఉత్తరాన జరుగుతున్న దానిలో కింది పచ్చ భాగం హాన్లేకు దిగంతం కింద దాగిపోతుంది, పైనున్న ఎరుపు అంచు మాత్రం కనబడుతుంది. పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఇది.

ఇది చదువుతుండగా అసలు విషయం తగిలింది. ఆ ఆక్సిజన్ అరోరా కోసం ఎదురు చూడదు. పగలంతా ఎండ ఆక్సిజన్ అణువులను విడగొడుతుంది. రాత్రి అవి మళ్లీ జతకట్టేటప్పుడు మిగిలిన శక్తి వెలుగుగా బయటికొస్తుంది. దీన్ని ఎయిర్‌గ్లో అంటారు. మేము పిల్లలకు 'గాలి వెలుగు' అని చెబుతున్నాం. అరోరా తుఫాను వచ్చినప్పుడు రగిలేది. గాలి వెలుగు ప్రతి రాత్రీ, భూమి మొత్తం మీదా ఉండేది. చిన్నప్పుడు మిద్దె మీద పరుపులేసుకుని పడుకుని, చుక్కల మధ్య ఉన్నదంతా చీకటి అనుకున్నాం. పిల్లలకూ అదే చెప్పాం. అది కూడా తప్పే. పల్లెలో అమావాస్య రాత్రి దీపం లేకపోయినా పొలం గట్టు ఆనుతుందంటే అందులో చుక్కల వెలుగు కొంత, ఈ గాలి వెలుగు కొంత.

మరి మనకెందుకు కనబడదు? కిటికీకి వేసే మామూలు గాజు పలక తీసుకోండి. ఎదురుగా పెట్టి చూస్తే ఏ రంగూ ఉండదు. అంచు వైపు నుంచి చూస్తే పచ్చగా కనబడుతుంది. గాజులో ఆ కాస్త పచ్చదనం మొదటి నుంచీ ఉంది. అడ్డంగా చూసినప్పుడు చూపు ఎక్కువ గాజులోంచి పోతుంది కాబట్టి తెలుస్తుంది. గాలి వెలుగు కూడా 95 కిలోమీటర్ల ఎత్తున భూమి చుట్టూ పరిచిన పలచని పలక. మనం దాని కింద నిలబడి ఎదురుగా చూస్తున్నాం. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రం నుంచి చూస్తే దాని అంచు కనబడుతుంది. అందుకే వ్యోమగాములు తీసిన రాత్రి ఫొటోల్లో భూమి చుట్టూ సన్నటి పచ్చ గీత ఉంటుంది.

అతినీలలోహిత కాంతి సంగతి ఇంకా గట్టిది. అందులో చాలా భాగాన్ని గాలే మింగేస్తుంది, కాబట్టి నేల మీద ఎంత పెద్ద దుర్భిణి పెట్టినా లాభం లేదు. పైకి వెళ్లాల్సిందే. ఆ పని ఎవరు చేశారో చెప్పడానికే అసలు ఈ అంశం ఎంచుకున్నాం.

జార్జ్ కరూథర్స్ అని అమెరికాలో ఒక నల్లజాతి ఇంజనీరు. 1939లో పుట్టాడు. పదేళ్ల వయసులో సొంతంగా దుర్భిణి చేసుకున్నాడు. పన్నెండో ఏట తండ్రి పోయాడు. పెద్దయ్యాక వాషింగ్టన్‌లోని నౌకాదళ పరిశోధనశాలలో చేరి, అతినీలలోహిత కాంతిని ముందు ఎలక్ట్రాన్లుగా మార్చి, ఆ ఎలక్ట్రాన్లతో ఫిల్ము మీద బొమ్మ తీసే పరికరం తయారుచేశాడు. 1969లో దానికి పేటెంటు వచ్చింది. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 ఆ కెమెరాను చంద్రుడి మీదికి తీసుకుపోయింది. ఎండకు వేడెక్కకుండా దానికి బంగారు పూత. వ్యోమగామి జాన్ యంగ్ దాన్ని తమ నౌక నీడలో నిలబెట్టి, చేత్తోనే తిప్పి భూమి వైపు గురిపెట్టాడు. ఫిల్ము తిరిగి వచ్చింది. కెమెరా ఇప్పటికీ చంద్రుడి మీదే ఉంది.

ఆ ఫిల్ములో భూమి మనం గ్లోబు మీద చూసే భూమిలా లేదు. చుట్టూ హైడ్రోజన్ వెలుగు పెద్ద మేఘంలా వ్యాపించి ఉంది. ధ్రువాల దగ్గర అరోరాలు ఉన్నాయి. చీకటి వైపున, అయస్కాంత భూమధ్యరేఖకు అటొకటి ఇటొకటి రెండు వెలుగు పట్టీలు ఉన్నాయి. ఈ పట్టీలను గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాం.

కరూథర్స్ తర్వాతి రోజుల్లో వాషింగ్టన్ నగరంలోని బడిపిల్లలకు, టీచర్లకు సైన్సు చెప్పడానికి చాలా సమయం పెట్టాడు. 2020లో కన్నుమూశాడు. 2025 సెప్టెంబరు 24న ఆయన పేరుతోనే ఒక ఉపగ్రహం బయల్దేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి, ఆయన చూపించిన ఆ హైడ్రోజన్ మేఘాన్నే చూడడం దాని పని.

మధ్యలో చాలా ఉపగ్రహాలు వచ్చాయి. 1971లో కెనడా వాళ్ల ఐసిస్-2 అరోరాను ముక్కలు ముక్కలుగా, పట్టీలుగా తీసింది. 1981లో పైకెళ్లిన డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్-1 తన చుట్టూ తాను తిరుగుతూ, ఒక్కో గీత గీసినట్టు, దాదాపు 12 నిమిషాలకు ఒక పూర్తి బొమ్మ తీసేది. అరోరా ధ్రువం చుట్టూ ఉంగరంలా ఉంటుందని రష్యా శాస్త్రవేత్త ఫెల్డ్‌స్టైన్ అంతకు రెండు దశాబ్దాల ముందే నేల మీది కెమెరాల లెక్కలతో చెప్పాడు. ఆ ఉంగరం మొత్తాన్ని వరసగా, రోజుల తరబడి చూసే వీలు ఈ ఉపగ్రహంతో వచ్చింది. 1986లో స్వీడన్ పంపిన వైకింగ్‌కు ఒక బొమ్మకు 20 సెకన్లే పట్టింది. అతినీలలోహితంలో భూమి ఎండను పెద్దగా తిప్పికొట్టదు కాబట్టి, పట్టపగలు వెలిగే అరోరా కూడా వీటికి కనబడుతుంది. నేల మీది కన్నుకు ఆ వీలు ఎన్నటికీ లేదు.

ఇంకొకటి చెప్పకపోతే మనసొప్పదు. 2011లో సువోమి ఎన్‌పీపీ అని వాతావరణ ఉపగ్రహం పంపారు. రాత్రిపూట నగర దీపాలను, వెన్నెల్లో మబ్బులను చూసే కెమెరా దాని మీద ఉంది. చంద్రుడు లేని రాత్రి, ఏ దీపమూ లేని సముద్రం మీద చూస్తే బొమ్మ నల్లగా రావాలి. మబ్బులు కనబడ్డాయి! స్టీవెన్ మిల్లర్ బృందం పట్టుబట్టి చూస్తే, గాలి వెలుగే ఆ మబ్బుల మీద పడి తిరిగొస్తోందని తేలింది. పైగా ఉరుముల మబ్బులు లేపిన అలలు 90 కిలోమీటర్ల ఎత్తుకు పాకి, చెరువులో రాయి వేసినట్టు గాలి వెలుగులో వలయాలుగా కనబడుతున్నాయి. ఆ అలలను లెక్కగట్టడానికే 2023 నవంబరులో అంతరిక్ష కేంద్రానికి 'ఆ' అనే పరికరాన్ని పంపారు. దాని పేరు నిజంగానే అది. పిల్లలు నవ్వారు.

ఇక ఆ రెండు పట్టీల దగ్గరికి వద్దాం. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొన మీదుగా పోతుంది. పగలు అక్కడ విద్యుదావేశమున్న గాలి ఫౌంటెన్‌లో నీళ్లలా పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జారి పడుతుంది. పడిన చోట అది చిక్కబడి, రాత్రి మసక వెలుగు ఇస్తుంది. ఉత్తరపు పట్టీ అహ్మదాబాదు, భోపాల్ దిక్కున ఉంటుంది. మన తెలుగు నేల ఫౌంటెన్‌కూ ఆ పట్టీకీ మధ్య ఉంది. పొద్దుగూకాక ఒక్కోసారి అడుగున పలచటి బుడగలు పుట్టి పైకి లేస్తాయి. ఆ బుడగల గుండా వచ్చే జీపీఎస్ సంకేతం చుక్క మిణుకుమన్నట్టు వణుకుతుంది. ఒక్కోసారి తెగిపోతుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఇది ఎక్కువ. రాత్రి సముద్రం మీదున్న పడవకు, దిగబోతున్న విమానానికి ఇది మాటవరసకు చెప్పే సంగతి కాదు.

ఎర్రటి గాలి వెలుగును ఫొటో తీస్తే ఆ బుడగలు నల్లటి చారలుగా కనబడతాయి. 2018 నుంచి గోల్డ్ అనే పరికరం స్థిర కక్ష్య నుంచి వీటిని అతినీలలోహితంలో చూస్తోంది. అయితే అది అమెరికా ఖండాల మీద నిలబడి ఉంది. మన ఆకాశం దానికి కనబడదు. మన వైపు చూడాలంటే దాటిపోయే ఉపగ్రహాలు, నేల మీది కెమెరాలు. తిరుపతి–చిత్తూరు రోడ్డు మీద గాదంకి టోల్‌గేటు మీలో చాలామందికి తెలుసు. ఆ ఊళ్లోనే జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. అక్కడ గాలి వెలుగును ఫొటో తీసే కెమెరా ఉంది. వెన్నెల లేని, మబ్బు లేని రాత్రులే దానికి పని. మనం ఆ దారిన ఎన్నిసార్లు పోయుంటాం!

2011 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి యూత్‌శాట్ అని 92 కిలోల చిన్న ఉపగ్రహం కూడా వెళ్లింది. భారత్, రష్యా విద్యార్థులను కలుపుకుని చేసినది. భూమి అంచు వైపు చూసి గాలి వెలుగును రంగులుగా విడగొట్టే పరికరం అందులో ఉంది. మనం చెప్పుకున్న గాజు పలక అంచే.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ పిల్లవాడు వాళ్ల అమ్మమ్మగారి ఊరు వెళ్లాడు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడు. అమావాస్య దగ్గర్లో మిద్దె మీద ఇటుకకు ఫోను ఆనించి, అరనిమిషం పాటు తెరిచి ఉంచి ఆకాశాన్ని తీశాడు. తెచ్చి చూపించాడు. చుక్కల మధ్య ఎక్కడో లేత పచ్చ మరక. "ఇది గాలి వెలుగేనా సార్?" అన్నాడు.

కావచ్చు, ఫోను తనకు తానే వేసుకున్న రంగైనా కావచ్చు, ఫొటో చూసి మేము చెప్పలేం అన్నాం. తేల్చాలంటే 557.7 నానోమీటర్ల పచ్చ గీతను మాత్రమే వదిలే ఫిల్టరు ముందు పెట్టి తీయాలి. అది ఎంతవుతుందో కనుక్కునే పనిలో ఉన్నాడు.