బొట్టుబిళ్ళ కింద తెల్లమచ్చ



నుదుట బొట్టుబిళ్ళ అంటించే చోట తెల్లమచ్చ కనబడగానే ఇంట్లో పెద్దవాళ్ళు "చేపలు తిని పాలు తాగావేమో" అంటారు. పెళ్ళికెదిగిన పిల్లయితే చెప్పనే అక్కర్లేదు, సంబంధాలు తప్పిపోతాయని పౌడరద్ది దాచేస్తారు. పాపం, చేపలకీ పాలకీ ఇందులో ప్రమేయమే లేదు.

మన చర్మంలోని రంగుకణాలు టైరోసిన్ అనే పదార్థంతో మెలనిన్ అనే రంగు తయారుచేస్తాయి. కొన్ని బిళ్ళల జిగురులో పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అని నోరు తిరగని రసాయనం ఒకటుంటుంది. అది కొంచెం టైరోసిన్‌ని పోలి ఉంటుంది. రంగుకణం మోసపోయి దాన్నీ తన పనిలోకి లాక్కుంటుంది. లోపల విషపదార్థాలు పుట్టి కణం దెబ్బతింటుంది. అంతటితో ఆగినా బాగుండును! మనల్ని రోగాలనుంచి కాపాడవలసిన నెత్తుటిలోని తెల్లకణాలు, ఆ దెబ్బతిన్నదాన్ని శత్రువనుకుని చంపడానికొస్తాయి. వాటికి ఆ గురి కుదిరిందంటే బిళ్ళ తగలని చోట కూడా మచ్చలు రావచ్చు. జపానులో 2013లో చర్మం తెల్లబడాలని క్రీము రాసుకున్న వేలమందికి ఇలాగే మచ్చలొస్తే, ఆ క్రీములు బజారునుంచి వెనక్కి తీసుకున్నారు.

దురదగానీ, రంగు తగ్గడంగానీ కనబడిన రోజే ఆ బిళ్ళలు మానేయండి. అత్తగారు ఏమన్నా సరే, కొన్నాళ్ళు నుదురు ఖాళీగా ఉంచితే తప్పులేదు. చర్మవైద్యుడికి చూపించండి. ఇది అంటుకోదు, కుష్ఠూ కాదు. కుష్ఠుమచ్చకి సాధారణంగా స్పర్శ తెలియదు, దీనికి తెలుస్తుంది. తొందరగా వైద్యం మొదలుపెడితే వెంట్రుకల కుదుళ్ళలో మిగిలిన రంగుకణాలు పైకొచ్చి, మచ్చ మధ్య ఆవగింజంత చుక్కలుగా రంగు మళ్ళీ కనబడుతుంది.