గింజకు పూస్తే మందు కాదా?

నాకిచ్చింది ఐదు నిమిషాలు. అందులో ఒకటి మా గుమ్మడి పాదుకే పోతుంది, ఓపిక పట్టండి.

2019లో ఇక్కడ న్యూజెర్సీలో మా లాన్‌కి వేరుపురుగు పట్టింది. షాపులో చెప్పిన గుళికలు తెచ్చి పెరడంతా చల్లాను. సంచి మీద ఇమిడాక్లోప్రిడ్ అని ఉంది. మన గుంటూరు వైపు మిరపకి కొట్టే కాన్ఫిడార్‌లో ఉండేది అదే. ఆ ఏడు పాదు నిండా పువ్వులే, పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోయాయి. మా ఆవిడ పొద్దున్నే లేచి మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దితే నాలుగు కాయలు దక్కాయి.

మందు వల్లే అని ప్రమాణం చెయ్యను. కానీ గుమ్మడి పువ్వుల మీదే బతికే ఒక రకం తేనెటీగ నేలలో బొరియ తవ్వి గుడ్లు పెడుతుందని తర్వాత తెలిసింది. నేను మందు చల్లింది ఆ నేల మీదే. ఈ మందు వేసిన మట్టిలో ఆ ఈగల సంతానం 89 శాతం తగ్గిందని 2021లో కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్లు రాశారు.

లాన్ల సంగతి మన రాష్ట్రం 2022 చట్టంతో చాలావరకు తేల్చింది. పొలాల జోలికి మాత్రం పోలేదు. నా గొడవ అక్కడే.

ఊళ్లో పత్తి వేసినవాళ్లకి రంగు పూసిన గింజలు తెలుసు. ఇక్కడి మొక్కజొన్న గింజా దాదాపు అంతా అలాగే వస్తుంది. పూతలో ఎక్కువ భాగం మొక్కకి ఎక్కదు, మట్టిలోకీ నీళ్లలోకీ పోతుంది. అయినా ఫెడరల్ రూల్స్ చూడండి: డబ్బాలో ఉంటే అది పురుగుమందు, అదే పూసిన గింజ అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేని వస్తువు! జియలాజికల్ సర్వే వాళ్లు 2015 నుంచి ఈ పూతని తమ లెక్కల్లో చేర్చడం కూడా మానేశారు.

రైతు దెబ్బతింటాడంటారు. రైతు కొడుకుని, ఆ భయాన్ని కొట్టిపారెయ్యను. కానీ మొక్కజొన్న, సోయా రైతులకి ఈ పూత వల్ల చాలా సందర్భాల్లో డబ్బు మిగలడం లేదని కార్నెల్ యూనివర్సిటీ 2020 నివేదికే చెప్పింది. 2023 డిసెంబరులో న్యూయార్క్ చట్టం చేసింది: 2029 నుంచి మొక్కజొన్న, సోయా, గోధుమల్లో ఈ పూత గింజలు అమ్మకూడదు, అవసరమైతే మినహాయింపు అడగవచ్చు. వెర్మాంట్ 2024లో గవర్నర్ వీటోని కాదని మరీ చేసుకుంది.

మన శాసనసభ్యులకి రాయాల్సిన ఉత్తరం నమూనా తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. వీసా మీదున్నవాళ్లూ రాయవచ్చు, దానికి సిటిజెన్‌షిప్ అక్కర్లేదు. పక్కనే పొట్లాల్లో గుమ్మడి గింజలున్నాయి, మా పెరటివే. పూత లేదు.