చూసినవాళ్లంతా కొనేవాళ్లు కారు

(ఆలమూరులో జరిగిన రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం సొమ్ములు, కొబ్బరి ధర, కౌలు కార్డుల గురించి ఇప్పటిదాకా మాట్లాడుకున్నాం. నాకు అప్పగించిన అంశం కొంచెం కొత్తది. ఆన్‌లైన్‌లో సరుకు పెడితే కింద "ఇంతమంది చూశారు" అని ఒక అంకె పడుతుంది. ఆ అంకెను నమ్మి వ్యాపారం చేయొచ్చా? ఇది కుర్రాళ్ల ఫోన్ వ్యవహారమని పక్కన పెట్టకండి. చెముడులంక, బడుగువానిలంక, పక్కనున్న కడియం నర్సరీల మొక్కలైనా, కోనసీమ కొబ్బరైనా, ఆత్రేయపురం పూతరేకులైనా ఇప్పుడు ఫోన్‌లోకి ఎక్కుతున్నాయి. ఆ అంకె చూసి ప్రకటనలకు డబ్బు కట్టేవాళ్లున్నారు. దాన్నిబట్టే ఏ మొక్క ఎంత పెంచాలో తేల్చుకుంటే దెబ్బ నేరుగా సాగు మీదే పడుతుంది.

వంతెన దాటి రావులపాలెం యార్డుకు అరటి గెలలు తీసుకెళ్తాం. పదిమంది వచ్చి గెల తట్టి చూస్తారు. అందులో దళారి ఉంటాడు, ధర కనుక్కుని పోయే పక్క ఊరి రైతు ఉంటాడు, ఊరికే నిలబడ్డవాడూ ఉంటాడు. ఇంటికొచ్చాక ఎంతమంది చూశారో ఎవరూ అడగరు. ఎంతకు పోయింది, కమీషను, కిరాయి పోను చేతికెంత వచ్చింది అనే అడుగుతారు. ఆన్‌లైన్‌లోనూ అడగాల్సిన ప్రశ్న ఇదే.

యార్డులో కనీసం వచ్చినవాళ్లు మనుషులు. ఇక్కడ ఆ హామీ కూడా లేదు. మనిషి ప్రమేయం లేకుండా, వాటంతటవే పేజీలు తెరిచే కంప్యూటర్ ప్రోగ్రాములు ఉంటాయి. వాటినే బాట్లు అంటారు. గూగుల్ లాంటి సంస్థల బాట్లు వెతికేవాళ్లకు చూపించడం కోసం పేజీలు చదువుకుంటాయి. వాటివల్ల మనకు మేలే. కొన్ని పోటీదారుల కోసం మన ధరలు ఎత్తుకుపోతాయి. కొన్ని ఫొటోలు దొంగిలిస్తాయి. కొన్ని ప్రకటనల మీద దొంగ నొక్కులు నొక్కుతాయి. ఇంపెర్వా అనే సైబర్ భద్రతా సంస్థ నివేదిక ప్రకారం 2024లో మొత్తం ఇంటర్నెట్ రాకపోకల్లో 51 శాతం యంత్రాలవే. చెడ్డ పనికి తిరిగేవే 37 శాతం. ఇది ప్రపంచం మొత్తం లెక్క. మీ పేజీకి ఇంతే వర్తిస్తుందని కాదు. కానీ అంకె వెనుక మనిషే ఉన్నాడని అనుకోవడానికి లేదని తేలిపోయింది.

మరి దీనివల్ల మనకు నష్టమెంత? అది మనం పెట్టిన ఖర్చునుబట్టి ఉంటుంది.

ఉచితంగా పెట్టిన సరుకును వెయ్యి బాట్లు చూసినా జేబులోంచి రూపాయి పోదు. మనకు లేనిపోని ఆశ పుడుతుంది, అంతే. నొక్కుకింత అని డబ్బు కట్టే ప్రకటనల సంగతి వేరు. లెక్క కోసం అనుకుందాం: నొక్కుకు 5 రూపాయల చొప్పున 600 నొక్కులకు 3,000 రూపాయలు కట్టాం. ఆరు ఆర్డర్లు వచ్చాయి. అంటే ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చే 500. ఆర్డరుకు మిగిలేది 150 అయితే ప్రతి ఆర్డరు మీదా 350 నష్టం. ఫోన్‌లో మాత్రం "600 మంది వచ్చారు" అని పచ్చగా కనిపిస్తుంది. దొంగ నొక్కులను ఏరేసి, వాటికి డబ్బు తీసుకోబోమని పెద్ద కంపెనీలు చెబుతాయి. కానీ ఏరేదీ వాళ్లే, లెక్కపెట్టేదీ వాళ్లే, బిల్లు వేసేదీ వాళ్లే.

కాటా ఎవరి చేతిలో ఉంటే తూకం వాళ్లదని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2016లో ఫేస్‌బుక్ తమ వీడియోలను జనం సగటున ఎంతసేపు చూస్తున్నారో ఎక్కువ చేసి చూపినట్టు ఒప్పుకుంది. మూడు సెకన్లలోపు చూసి వదిలేసినవాళ్లను సగటులో కలపలేదు. ప్రకటనదారులు కోర్టుకెళ్తే, 2019లో 4 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అక్కడి ప్రకటనదారులు కలిసికట్టుగా నిలబడ్డారు కాబట్టి ఆ మాత్రమైనా కదిలింది.

మన దేశంలోనూ కొంత పట్టు ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఏ సరుకు పైన కనిపించాలో, ఏది కింద కనిపించాలో దేన్నిబట్టి నిర్ణయిస్తున్నారో మార్కెట్ వేదికలు తేలిక మాటల్లో చెప్పాలి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు, సరుకుకు లేని గిరాకీ ఉన్నట్టు చూపి కొనిపించడాన్ని తప్పుగా ప్రకటించాయి. అందుకే "పది వేల వ్యూస్ వేయిస్తాం" అని ఎవరైనా ప్యాకేజీ తెస్తే గుమ్మంలోంచే పంపేయండి. డబ్బూ పోతుంది, తప్పులోనూ ఇరుక్కుంటాం.

రేపటినుంచి చేయదగ్గ పనులు చెబుతాను. ఒక నోటు పుస్తకం పెట్టండి. వారానికి ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్ని ఆర్డర్లు, ఎన్ని తిరిగొచ్చాయి, ప్రకటన, ప్యాకింగ్, రవాణా ఖర్చులు పోను మిగిలిందెంత అన్నవి రాయండి. ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ "ఎక్కడ చూశారండీ?" అని అడగండి. వేదిక ఇచ్చే రిపోర్టులో పేజీ ఎన్నిసార్లు తెరుచుకుందన్న అంకెకన్నా ఎంతమంది వచ్చారన్న అంకె చూడండి. అర్ధరాత్రి దాటాక ఒక్కసారిగా వందల వ్యూస్ వచ్చి ఒక్క ఫోనూ రాకపోతే అనుమానించండి. ఒక వారం ప్రకటన ఆపి చూడండి. ఆర్డర్లు తగ్గకపోతే ఆ డబ్బు వృథాగా పోతున్నట్టే. అన్నిటికన్నా ముఖ్యం, వ్యూస్ చూసి మొక్కలు పెంచకండి. అడ్వాన్సు చేతిలో పడితేనే నారు పెంచండి.

ఇవి ఒక్కొక్కరం చేసుకునేవి. సంఘంగా అడగాల్సినవి మూడున్నాయి. డబ్బు వసూలు చేసిన ప్రతి నొక్కు ఏ రోజు, ఏ సమయంలో వచ్చిందో అమ్మకందారుకు జాబితా ఇవ్వాలి. బాట్ల లెక్క విడిగా చూపి, వాటికి తీసుకున్న సొమ్ము వెనక్కివ్వాలి. వీళ్ల లెక్కలను బయటివాళ్లతో తనిఖీ చేయించే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి. యార్డులో కాటాకు తూనికల శాఖ ముద్ర ఉండాలంటాం. ఫోన్‌లో ఉన్న కాటాకూ ముద్ర ఉండాల్సిందే. ఈ మూడు డిమాండ్లనూ ఇవాళ్టి తీర్మానాల్లో చేర్చాలని సభను కోరుతున్నాను.