కాకతీయుల కోవెలలు, చెరువులు



కుంభాభిషేక శుభసమయమున దేవుని విడిచి రాజ్యములను గూర్చి మాట్లాడుచున్నాడేమి ఈ అర్చకుడు అని మీరు అనుకొనవచ్చును. కాకతీయుల చరిత్రలో ఆ రెంటిని విడదీయుట కష్టము.

వారు మొదట కల్యాణి చాళుక్యులకు సామంతులు. చాళుక్యబలము క్షీణింపగా రుద్రదేవుడు స్వతంత్రుడై, 1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించి శాసనము వేయించెను. పై ప్రభువు బలహీనపడగా సామంతుడు తలయెత్తుట ఏ దేశమునందైనను ఉన్నదే. వచ్చిన రాజ్యమును నిలుపుకొనుటయే కష్టము.

ఆ పరీక్ష త్వరలోనే వచ్చినది. రుద్రదేవుని తమ్ముడు మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరి మరణించెను. కుమారుడు గణపతిదేవుడు బందీయయ్యెను. సేన అంతయు రేచర్ల రుద్రుడను సేనాని చేతిలో నున్నది. తానే రాజుననినచో అడ్డెవరు? ఆయన తిరుగుబాట్లను అణచి రాజ్యమును కాపాడెను. గణపతిదేవుడు విడుదలయై వచ్చి ఏలుకొనెను. ఆ రుద్రుడే 1213లో పాలంపేటలో రామప్ప గుడిని కట్టించెను. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది దానినే. శాసనములో దాత రాజు కాడు, సేనాని. తన క్రిందివాని కీర్తికి ఓర్వగలిగిన ప్రభువునకే అట్టి సేవకుడు దొరకునని నా అభిప్రాయము.

గుడితోపాటు చెరువు. చెరువు నిండిన వరి పండును. అందుండియే స్వామికి నైవేద్యము, రైతునకు తిండి, రాజునకు పన్ను. రేవు ఆదాయమును గణపతిదేవుడు మరువలేదు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనపరచుకొనెడివారు. తాము సుంకము మాత్రమే పుచ్చుకొందుమని 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అందుచే వర్తకులు నమ్మి వచ్చిరి.

1261 నాటి మల్కాపురం శాసనములో రుద్రమదేవి దానమును చూడుడు. మఠము, వేదపాఠశాల, అన్నసత్రము, ఆరోగ్యశాల, వానితోపాటు ప్రసూతిశాల! ఈ కాలమున గోపురమునకు దాతలు తామై వత్తురు. కోనేటి పూడిక తీయింపుడనిన మాత్రము ముఖములు చూచుకొందురు. నొచ్చుకొనకుడు, అర్చకుడు చనువుతో అన్న మాట.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు చిక్కెను. ప్రతాపరుద్రుడు బందీయయ్యెను; కోట పాడుపడెను. రామప్ప చెరువు నీరు నేటికిని పొలములకు పారుచున్నది.