గృహప్రవేశమునకు ముందొక పత్రము

(పట్టణ పఠనమందిరమున మేము గావించిన ఉపన్యాసము)



మనవారు ఇల్లు కట్టదలచినపుడు మొదట వాస్తు చూతురు. పిదప శంకుస్థాపనకు ముహూర్తము పెట్టింతురు. పురపాలక సంఘమునకు ప్లాను పంపుట నడుమ నెప్పుడో జరుగును. కట్టడము ముగియగనే గృహప్రవేశమునకు మరల ముహూర్తము, బంధుమిత్రులకు విందు. కట్టిన యిల్లు మంజూరైన ప్లాను ననుసరించియే యున్నదా యని చూచి వ్రాసి యియ్యవలసిన పురపాలకోద్యోగి మాత్రము ఎవరికిని జ్ఞప్తికి రాడు. ఆయన యిచ్చు వ్రాతయే నివాసయోగ్యతా పత్రము. వ్యవహారమున దీనినే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు అందురు. నేడు దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

విషయము శుష్కమని కొందరికి తోచవచ్చును. ముప్పది యేండ్ల జీతమును ఒక ఫ్లాటునకు ధారపోసిన గుమాస్తాకు ఇది శుష్కము కాదు.

కట్టుటకిచ్చు అనుమతి యొక వాగ్దానమును నమ్మి యిచ్చునది. ఇన్ని అంతస్తులు వేయుదుననియు, ప్రక్కల నింత స్థలము విడుతుననియు, దిగువను బండ్లు నిలుపుటకు చోటుంతుననియు యజమాని కాగితముపై చెప్పును, సంఘము సమ్మతించును. ఆ వాగ్దానము నెరవేరినదో లేదో తేల్చునది చివరి పత్రమే. మన పట్టణములలో మొదటి కాగితమును అద్దము కట్టించి దాచుకొనువారు పెక్కుమంది. రెండవదాని నడుగువారు అరుదు. ప్లానులో బండ్ల చోటైనది కట్టిన పిదప దుకాణమగును. ప్రక్క ఖాళీ వంటయిల్లగును. మీద నొక అంతస్తు మొలచును. అగ్నిప్రమాదము సంభవించిన నాడు ఆ ఖాళీ విలువ తెలియును. అగ్నిమాపక యంత్రము గోడలెక్కి పోజాలదు గదా!

నియమములు లేవా యన్నచో, పుష్కలముగ నున్నవి. ఉమ్మడి రాష్ట్రమున 2012 ఏప్రిలులో వెలువడిన 168వ ఉత్తర్వు, విభజనానంతరము ఆంధ్రప్రదేశమున 2017లో వచ్చిన 119వ ఉత్తర్వు ఇందుకు ముఖ్యములు. మిక్కిలి చిన్న స్థలములందలి యిండ్లకు కొంత మినహాయింపు గలదు. తక్కినవారు కట్టబోవు వైశాల్యమున నూటికి 10 పాళ్లు సంఘము పేర తాకట్టుంచవలెను. నివాసయోగ్యతా పత్రము పుచ్చుకొన్న పిమ్మటనే అది విడుదల యగును. ఏర్పాటు తెలివైనదే. కాని తొంబది పాళ్లు అమ్ముకొని లాభము గడించిన బిల్డరు తక్కిన పది పాళ్లకై తొందరపడనేల?

2012 నాటి యుత్తర్వులో మరియొక విశేషము గలదు. ఈ పత్రము చూపనిదే విద్యుత్తు, నీరు, మురుగు సౌకర్యములు క్రమముగ నీయరాదని విధించిరి. ఆ వెంటనే, లేదా పత్రము చూపువరకు మూడింతల రుసుము గొనవచ్చునని చేర్చిరి. ఏటేటా రెండింతల ఆస్తిపన్నును జరిమానాగ వసూలు చేయవలెనని కూడ నున్నది. ఆ 'లేదా' అను చిన్నమాట నియమమునకు దొడ్డిదారి యైనది. తప్పుచేసిన బిల్డరు డబ్బు పుచ్చుకొని వెడలిపోవును. మూడింతలు చెల్లించువాడు కొనుగోలుదారుడు.

2020లో తెలంగాణమున వచ్చిన శాసనము అనుమతులను సులభము చేసినది. 75 చదరపు గజములలోపు స్థలమున చిన్న యిల్లు కట్టువారికి అనుమతితో పనిలేదు, నమోదు చాలును. 500 చదరపు మీటర్లలోపు స్థలమున 10 మీటర్ల యెత్తువరకు నివాసగృహములకు స్వయంధ్రువీకరణముపై తక్షణ అనుమతి. అంతకు మించినవానికి 21 దినముల గడువు. నివాసయోగ్యతా పత్రమునకు 15 దినములు. యేండ్ల తరబడి కార్యాలయముల చుట్టు తిరిగి చెప్పులరిగినవారికి ఇది గొప్ప యూరట. దీనిని మేము నిండు మనస్సుతో హర్షింతుము. అయితే ప్రవేశద్వారమున తనిఖీ తగ్గినకొలది నిర్గమద్వారమున తనిఖీ గట్టిపడవలెను. అది జరుగనిచో స్వయంధ్రువీకరణము స్వయంవంచన యగును.

పత్రము లేనివారి గతి యెట్టిదో బొంబాయిలోని యొక గృహనిర్మాణ సహకార సంఘమువారి నడుగుడు. 1997లో ఫ్లాటులు స్వాధీనమైనవి. బిల్డరు పత్రము తేలేదు. సభ్యులు ఆస్తిపన్ను నూటికి 25 పాళ్లు, నీటిపన్ను 50 పాళ్లు అదనముగ కట్టుచు వచ్చిరి. చివరకు 2022 జనవరిలో సుప్రీముకోర్టు, పత్రము తెచ్చి యీయకపోవుట సేవాలోపమే యనియు, అది నాటితో ముగియక కొనసాగుచున్న తప్పనియు, కాలదోషము పట్టదనియు తీర్పు చెప్పినది. నోయిడా నగరమున నియమములకు విరుద్ధముగ లేచిన జంట గోపురములను 2022 ఆగస్టు 28న ప్రేలుడుమందుతో నేలగూల్చిరి. సుమారు నూరు మీటర్ల యెత్తు; క్షణములలో ధూళి! 2024 డిసెంబరులో సుప్రీముకోర్టు మరింత ముందునకు బోయి, ఈ పత్రము లేక యిల్లు అప్పగింపరాదనియు, విద్యుత్తు, నీరు ఈయరాదనియు, బ్యాంకులు సైతము దీనిని చూచియే అప్పీయవలెననియు, మంజూరైన ప్లానును కట్టడము జరుగుచోట ప్రదర్శింపవలెననియు ఆదేశించినది.

ఇన్ని తీర్పులకు ఎదురుగ మన ప్రభుత్వములు అప్పుడప్పుడు క్రమబద్ధీకరణ పథకములను ప్రకటించుచుండును. 2007లో ఒకటి, 2015లో రెండు రాష్ట్రములందును, 2019లో ఆంధ్రమున మరల. రుసుము కట్టుము, తప్పు ఒప్పగును! ఖజానాకు ఆదాయమే. కాని ప్రక్కన నాలుగడుగులు విడిచి, ఒక గది తగ్గించుకొని, ప్లాను ప్రకారము కట్టుకొన్న సామాన్యుని మనము ఏమని యోదార్పగలము? ఆతని వెర్రివానిగ చేసినది పొరుగువాడు కాదు, ప్రభుత్వమే. ఉద్యోగుల లంచగొండితనమును నిందించుట తేలిక. ఆ నింద పెక్కుచోట్ల న్యాయమే యగుగాక. పథకము రాకపోవునా యను ఆశ అంతకంటె పెద్ద లంచమని మా యభిప్రాయము.

కావున ఫ్లాటు కొనబోవు సోదరులకు మా మనవి. చలువరాతి నేలను, బాల్కనీ గాలిని చూచుటకు ముందు మంజూరైన ప్లాను నకలు నడుగుడు. అంతస్తులను వేళ్లతో లెక్కపెట్టుడు. మీరు కొను ఫ్లాటు తాకట్టులోని 10 పాళ్లలోనిది కాదని రూఢి చేసికొనుడు. బిల్డరు చూపనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద 10 రూపాయల రుసుముతో పురపాలక కార్యాలయమున నకలు కోరవచ్చును. పత్రము త్వరలో వచ్చునను మాటపై తుది వాయిదా చెల్లింపవలదు.

ఇప్పటికే పత్రము లేక కాపురముండువారు చాలమంది గలరు; ఈ సభలోను ఉందురు. వారు ఒంటరిగ కాక యజమానుల సంఘముగ నేర్పడి, ముందు బిల్డరునకు వ్రాతపూర్వకముగ నోటీసు పంపవలెను. ఆతడు కదలనిచో వినియోగదారుల కమిషను నాశ్రయింపవచ్చును. అన్నిటికంటె ముందు ప్లానును చేతబట్టి తమ కట్టడమును తామే యొకసారి కొలిచి చూచుకొనుట మంచిది. టేపు, నిచ్చెన, ఒక ఆదివారపు ఉదయము ఇందుకు చాలును.