పేరు, అప్పు, మన జీతం
(యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు గురించి గేటు దగ్గర నోరు తెరిచినప్పుడల్లా యాజమాన్యం నుంచి మనకు వచ్చే జవాబు ఒక్కటే. "మీరు గొడవ చేస్తే కంపెనీ పేరు చెడుతుంది, బ్యాంకులో అప్పు పుట్టదు, మిల్లు మూతపడుతుంది" అంటారు. ఇందులో నిజం ఎంత, బెదిరింపు ఎంత అన్నది ఈ రోజు తేల్చుకుందాం.

పేరుకూ అప్పుకూ సంబంధం ఉన్నమాట నిజమే. మన తెలుగులో రెంటికీ ఒకటే మాట: పరపతి. నెలనెలా బాకీ తీర్చేవాడికి కిరాణా కొట్టులో ఉద్దెర పుడుతుంది. తప్పించుకు తిరిగేవాడు ముందు రొక్కం పెట్టాలి. మిల్లుకూ అంతే. పత్తి చేతికొచ్చే కాలంలోనే నెలలకు సరిపడా కొని నిలవ పెట్టుకోవాలి. నూలు, టవళ్లు అమ్ముడై సొమ్ము తిరిగి రావడానికి రోజులు పడుతుంది. అంతవరకూ మిల్లు నడిచేది బ్యాంకు క్యాష్ క్రెడిట్ మీద, పత్తి వ్యాపారి ఇచ్చే గడువు మీద.

ఈ పరపతిని కొలవడానికి రేటింగు సంస్థలున్నాయి. మన దేశంలో మొదటిది 1987లో వచ్చిన క్రిసిల్. మూడు 'ఏ'లు వస్తే అన్నిటికన్నా మేలు. మూడు 'బీ'ల కిందికి దిగితే నమ్మకం తగ్గినట్టు. 'డి' అంటే బాకీ కట్టలేదని అర్థం. అక్షరం దిగితే వడ్డీ ఎక్కుతుంది. 100 కోట్ల అప్పు మీద వడ్డీ 2 శాతం పెరిగితే ఏడాదికి 2 కోట్లు అదనం. వెయ్యిమంది పనిచేసే మిల్లులో అది తలకు 20 వేల రూపాయలు.

మరి పేరు చెడగొట్టేది ఎవరు? 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా చర్యకు పంపమన్న 12 పెద్ద ఖాతాల్లో బట్టల కంపెనీ అలోక్ ఇండస్ట్రీస్ ఒకటి. బాకీ సుమారు 29,500 కోట్లు. 2019లో ఆమోదమైన ప్రణాళికలో అప్పిచ్చినవారికి దక్కింది సుమారు 5,000 కోట్లు. విస్తరణకూ స్థిరాస్తి వ్యాపారానికీ చేసిన అప్పులు అవి. గేటు దగ్గర మనం ఇచ్చే నినాదాలతో పేరుకున్నవి కావు.

పైకి మంచిపేరు ఉండి లోపల గుల్లయినవీ ఉన్నాయి. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌కు 2018 మధ్య వరకు మూడు 'ఏ'లు. సెప్టెంబరుకల్లా 'డి'. ఆ గ్రూపు అప్పు 90 వేల కోట్లకు పైమాటే. ఆ అక్షరాలు నమ్మి దాని బాండ్లు కొన్నవాటిలో ఉద్యోగుల పీఎఫ్ ట్రస్టులూ ఉన్నాయి. కనుక కంపెనీ లెక్కలు నిజమా కాదా అన్నది మనకు పట్టని సంగతి కాదు.

మన జీతంలో కోసిన పీఎఫ్ వచ్చే నెల 15వ తేదీలోగా జమ కావాలి. అది ఆగిందంటే కంపెనీ చేతిలో రొక్కం ఆడటం లేదని అప్పిచ్చేవాడు ఇట్టే పసిగడతాడు. అలాంటప్పుడు జమ చేయమని అడిగితే కంపెనీ పేరు ఎట్లా చెడుతుంది? బ్యాంకు వాయిదా 90 రోజులు దాటితే దాన్ని మొండిబాకీ అంటారు. మన జీతం 90 రోజులు ఆగితే దానికి పేరే లేదు!

2016 దివాలా చట్టం ప్రకారం మిల్లును అమ్మేస్తే అంతకుముందు 24 నెలల కార్మికుల బకాయి, తాకట్టు పెట్టుకున్న బ్యాంకు బాకీతో సమానంగా నిలుస్తుంది. ఇది మంచి హక్కే. కాని మిల్లు పోయాక పనికొచ్చే హక్కు. మిల్లు ఉండగానే మనం మేలుకోవాలి.

అందుకే మన నిర్ణయాలు ఇవి. ప్రతి సభ్యుడూ నెలనెలా పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవాలి. రేటింగు సంస్థలు కారణాలతో సహా నివేదికలు బహిరంగంగానే ఇస్తాయి కనుక, వాటిని కమిటీ చదివి సారాంశం తెలుగులో బోర్డు మీద పెడుతుంది. బోనసు చర్చల్లో ఏడాది వడ్డీ ఎంత, ఎందుకు పెరిగిందని అడుగుతాం. లేని పుకారు మనం పుట్టించం. ఉన్న నిజం దాచనివ్వం.

మిల్లు నిలవాలి, మన కూలీ నిలవాలి. కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!